కిటికీలో కాఫీ కూజా

లినెట్ పొద్దున్నే వంటింట్లోకి వచ్చి ముందు కాఫీ గింజల డబ్బా తెరిచేది. మూత తీసి, ముక్కు లోపలికంటా పెట్టి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. వేయించి ఎన్నాళ్ళయిందో ఆ వాసనే చెబుతుంది. మరీ కొత్తగా వేయించిన గింజలైతే వేడి నీళ్ళు పడగానే నురగ పొంగి కూజా మూతని పైకి తన్నుతుంది. పాతబడిపోయినవైతే పొడి సత్తువ లేనట్టు అడుక్కి జారిపోతుంది. ఆమెకి ఆ రెండూ పనికిరావు.

గింజలు పెట్రా దగ్గర కొనేది. పెట్రా కొట్టు ఒకప్పుడు మాంసం కొట్టు. గోడలకి తెల్ల పలకలు ఇంకా ఉన్నాయి, మేకపోతులు వేలాడిన కొక్కేలకి ఇప్పుడు కాఫీ గోతాలు వేలాడుతుంటాయి. నూనె తేలేదాకా వేయించిన నల్ల గింజలు లినెట్ ముట్టుకునేది కాదు. అవి పెళుసు, తిరగలిలో పడగానే సగం దుమ్మైపోతాయి. పపువా కొండల్లో పండే లావుపాటి గింజలు, ఎర్రమట్టి రంగు వచ్చేదాకా వేయించినవి, వారం రోజులు సేదతీరినవి కావాలి ఆమెకి. ఇంటికి తెచ్చాక పళ్ళెంలో పోసి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు విరిగిన గింజలన్నీ ఏరి పక్కన పెట్టేది.

గింజలు విసిరే చేతి తిరగలి వంటింటి గట్టుకి బిగించి ఉంటుంది. పొడి లావుగా రావాలో సన్నగా రావాలో చూసుకునే ఇనుప చుట్టు ఒకటి దాని మెడకి ఉంది. ఆ చుట్టు మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క. అది అత్తగారు ఎడ్నా పెట్టిన చుక్క. ఆ చుక్క దాటి చుట్టుని ఎవరూ తిప్పలేదు. చుక్క దగ్గర పొడి ఉప్పుకల్లు నలిగినట్టు గరుకుగా పడుతుంది. దాన్ని మళ్ళీ టీ వడపోతలో వేసి కుదిపి, కిందకి రాలిన మెత్తటి దుమ్ము పారబోసేది లినెట్. నీళ్ళు మరిగాక దించి, వాటి గొణుగుడు ఆగేదాకా ఊరుకునేది. అప్పుడు పోసేది. పొడి పైకి తేలి మందంగా పొర కడుతుంది. చెంచాతో ఆ పొరని ఒకసారి పగలగొట్టి, నాలుగు నిమిషాలు ఆగి, జల్లెడ కడ్డీ ఉన్న మూత పెట్టి, కడ్డీ తలమీద అరచెయ్యి ఆనించేది. నొక్కేది కాదు. చేతి బరువు మాత్రమే.

పట్నంలో ఈ కూజాని ఫ్రెంచ్ ప్రెస్ అంటారు. ఇక్కడ ప్లంజర్ అనే అంటారు. గాజు కూజా ఎన్నోసార్లు పగిలింది, మార్చారు. కడ్డీ, జల్లెడ మాత్రం ఎడ్నావే.

ఇంత జాగ్రత్త కాఫీ రుచి కోసం కాదు. ఆ ఊరు ఏటి మొగ మీద ఉంది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో ఇసుక మేట వేస్తుంది. పోటు మీద పడవలు ఆ మేట దాటి బయటికి వెళ్ళాలి, మళ్ళీ ఆ మేట దాటే లోపలికి రావాలి. కొన్ని రోజుల్లో మొగ పడవని పోనిస్తుంది, కొన్ని రోజుల్లో తీసుకుంటుంది. తీసుకునే రోజున ఆ ఇంట్లో ప్లంజర్ కడ్డీ దిగదు. ఎంతసేపు చెయ్యి ఆనించినా, పొడి ఎంత గరుకుగా ఉన్నా, రాయి మీద పెట్టినట్టు నిలబడిపోతుంది.

అందుకని లినెట్ కాఫీ పోసుకోగానే కూజాని ఏటివైపు కిటికీలో పెట్టేది. పడవల వాళ్ళు రేడియోలో గాలి కబురు, కెరటాల కబురు వినేవాళ్ళు, తర్వాత ఆ కిటికీ ముందు నుంచి ట్రక్కులు మెల్లగా నడుపుకుంటూ పోయేవాళ్ళు. కడ్డీ దిగి ఉంటే రేవుకి. నిక్కి ఉంటే ఇంటికి, వలలు బాగు చేసుకోవడానికి. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. వాన గురించి మాట్లాడుకున్నంత కూడా మాట్లాడుకోరు.

ఎడ్నా పోయేముందు కూజా కోడలి చేతికిస్తూ చెప్పింది ఒక్కటే. "కడ్డీ దిగకపోతే దానికి కారణం నీ పొడి కాకూడదమ్మాయ్." సన్నపొడి జల్లెడకి అడ్డంపడితే ఏ ఇంట్లో ప్లంజరైనా బిగుసుకుంటుంది. అలా బిగుసుకుంటే ఊరు పనిమానుకుని కూర్చుంటుంది. లినెట్ ఆ మాట ఒక్క పొద్దు కూడా మరవలేదు.

ఆమె భర్త డెస్ పోయిన పొద్దున కూడా పొడి సరిగానే ఉంది. వారమంతా గాలివాన, పడవలన్నీ కట్టుకుని ఉన్నాయి. ఆ రోజు తెరిపిచ్చింది. కడ్డీ దిగలేదు. డెస్ నవ్వుతూ లేచి, "నీ చెయ్యి మరీ సుకుమారం లిన్," అని తన అరచెయ్యి వేశాడు. వెడల్పాటి చెయ్యి, పలక లాంటిది. దిగలేదు. రెండో చెయ్యి కూడా వేసి, ఒంటి బరువంతా మోపాడు. కాఫీ చిమ్మి మణికట్టు కాలింది. కడ్డీ దిగింది. పంపు కింద చెయ్యి పెట్టుకుని, ఈలవేసుకుంటూ కాఫీ తాగి వెళ్ళాడు. లినెట్ కూజాని కిటికీలో పెట్టలేదు. కిటికీ ఖాళీగా ఉండడం చూసి మిగతా పడవలు కదల్లేదు. డెస్ ఒక్కడే వెళ్ళాడు.

అప్పటికి వాళ్ళ కూతురు బ్రయర్ చిన్నపిల్ల. ఇప్పుడు ఇరవై దాటింది.

బ్రయర్ చేపల ఫ్యాక్టరీలో పెట్టెలకి మంచు నింపే పని చేసేది. సాయంత్రాలు రేవులో బాబాయి నెవిల్ పడవ మీదే ఉండేది, తాళ్ళు చుడుతూ, రంగులు వేస్తూ. నెవిల్ డెస్ తమ్ముడు, మోకాళ్ళు అరిగిన మనిషి. ఈ ఎండాకాలం ట్యూనా తీరానికి దగ్గరగా వచ్చింది. నెవిల్‌కి పడవ మీద ఇంకో మనిషి కావాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం అతను లినెట్ ఇంటికి వచ్చి, రబ్బరు గమ్‌బూట్లు గుమ్మం దగ్గర విప్పి, చాలాసేపు కుక్కని నిమురుతూ కూర్చున్నాడు. చివరికి బ్రయరే అందుకుంది.

"నేను వస్తానని చెప్పానమ్మా. బాబాయ్ పడవ నిచ్చెన ఎక్కేలోపు చేపలు ముసలివైపోతున్నాయి."

"నోరు చూడు దీనికి," అన్నాడు నెవిల్ కుక్కతో.

లినెట్ అల్లం బిస్కెట్ల పళ్ళెం అతని ముందుకు జరిపింది. బ్రయర్ బల్లమీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. వెడల్పాటి చేతులు, పలకల్లాంటివి. లినెట్ వాటివైపు చూడకుండా ఉండడానికి కిటికీలోంచి ఏటిని చూసింది.

"ప్లంజర్ ఏం చెబితే అదే వింటాను," అంది బ్రయర్. "మొదటి రోజు నించీ."

మొదటి రోజు సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కొత్తగా పడవ ఎక్కబోయే మనిషి ఆ పొద్దున ఎడ్నా బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగి వెళ్ళాలి. కడ్డీ దిగితే వాళ్ళు పడవ మనుషులు. దిగకపోతే ఆ రోజుకే కాదు, ఇక ఎప్పటికీ పడవ ఎక్కరు. ఆ ఊరి కుర్రాడు క్రెయిగ్ ఒకప్పుడు అలాగే ఆగిపోయాడు. ఇప్పుడు బడి బస్సు నడుపుతున్నాడు. పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, ఇంటివెనక కోళ్ళు. రోజూ సాయంత్రం ఒళ్ళు తడవకుండా ఇంటికి వస్తాడు. ఆ మాటా ఈ మాటా చెబుతూ నెవిల్ మంగళవారం పోటు బాగుంటుందన్నాడు. సరే మంగళవారమే అనుకున్నారు.

సోమవారమంతా వాన పడింది. లినెట్ పెట్రా కొట్టుకి వెళ్ళింది, గింజలు ఇంట్లో ఉన్నా. పెట్రా అలవాటుగా పపువా డబ్బా అందుకుంది. లినెట్ పక్కన ఉన్న నల్లగింజల డబ్బా చూపించి, అవి ఇమ్మంది.

"ఇవి మీరు తీసుకోరుగా," అంది పెట్రా. "ఇట్టే పొడైపోతాయని."

"ఒకసారి చూద్దామని."

పెట్రా పొట్లం కట్టి, బయటికి వచ్చి, వానలో లినెట్ కారు తలుపు తనే తీసి పట్టుకుంది. రేపు బ్రయర్ మొదటి రోజని ఆమెకీ తెలుసు.

మంగళవారం వెలుగొచ్చాక లినెట్ వంటింట్లోకి వచ్చింది. నల్లగింజలు తిరగల్లో పోసింది. విరిగినవి ఏరలేదు. ఇనుప చుట్టు పట్టుకుని తిప్పబోతే రాలేదు, ఎన్నేళ్ళగానో అక్కడే ఉండి తుప్పు పట్టింది. గుడ్డ చుట్టి, పళ్ళు బిగించి తిప్పింది. ఎర్రచుక్క పక్కకి జరిగి, వెనక్కి వెళ్ళి, కనపడకుండా పోయింది.

తిప్పుతున్నంతసేపూ ఆమె మిగతా పడవల గురించి ఆలోచించింది. అందరికీ ఒక రోజు పోతుంది. ట్యూనా ఈ వారం ఉంది, వచ్చే వారం ఉంటుందో లేదో. ఒక్క రోజే కదా అనుకుంది. కాదు, ఒక్క రోజు కాదు, ఈ కడ్డీ ఇక ఎప్పుడు నిక్కినా అది నిజంగా నిక్కిందో లేదో తనకే తెలీదు. అది కూడా తెలిసే తిప్పింది. తిరగలి ఎంతకీ అవలేదు. సన్నగా విసరడానికి ఎక్కువసేపు పడుతుంది. చివరికి తిరగలి కింది సొరుగు లాగితే గాలికి లేచేంత మెత్తటి పొడి. వడపోత అందుకోబోయిన చెయ్యి అలవాటుగా లేచింది. దాన్ని దించుకుంది.

నెవిల్ వచ్చాడు, బూట్లు విప్పాడు, కూర్చున్నాడు. బ్రయర్ తండ్రి ఉన్ని కోటు వేసుకుని వచ్చింది. భుజాల దగ్గర సరిపోయింది. లినెట్ నీళ్ళు పోసింది. నాలుగు నిమిషాలు ముగ్గురూ వాన చినుకులు చూస్తూ కూర్చున్నారు. పొర పగలగొడితే చెంచాకి బురద అంటింది. నెవిల్ ఆ చెంచావైపు చూశాడు, తర్వాత పైకప్పువైపు చూశాడు.

లినెట్ మూత పెట్టింది. అరచెయ్యి ఎత్తింది.

చెయ్యి ఇంకా ఆనకముందే కడ్డీ కదిలింది. ఎవరూ ముట్టుకోకుండా, తొందర లేకుండా, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి దిగినట్టు దిగింది. నల్లటి కాఫీలోంచి జల్లెడ అడుగుదాకా వెళ్ళి ఆగింది. అది ఆగినప్పుడు చిన్న చప్పుడు కూడా రాలేదు.

నెవిల్ తలమీది ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా అమ్మ ఉన్నప్పుడు కూడా ఇలా చూళ్ళేదు లిన్," అన్నాడు మెల్లగా.

లినెట్ చెయ్యి గాల్లోనే ఉంది. బ్రయర్ లేచి కూజా తీసుకుని తనే మూడు కప్పుల్లో పోసింది. నెవిల్ ఒక గుక్క తాగి దగ్గాడు.

"ఇది కాఫీయా, ఏటి అడుగుదా?"

"తాగు బాబాయ్. ఊరికే వచ్చిందానికి వంకలెందుకు."

అతను సగం తాగి, ట్రక్కు ఇంజను వేడి చేస్తానని బయటికి వెళ్ళాడు. బ్రయర్ మాత్రం కప్పు అడుగుదాకా తాగింది. పళ్ళ మీద నల్లటి నలుసులు అంటుకున్నాయి. నాలుకతో తుడుచుకుని, కప్పులో మిగిలిన మడ్డిని కాసేపు చూసింది.

"తిరగలి చాలాసేపు తిరిగింది ఇవాళ," అంది.

లినెట్ కూర్చుండిపోయింది. "విన్నావా."

"మంచం మీంచి విన్నా."

"మరి వచ్చి ఎందుకు కూర్చున్నావే?"

"దిగకపోతే ఆగిపోదామని."

"నేను చేసిన పనని తెలిసీ?"

బ్రయర్ కప్పు పక్కన పెట్టింది. "నాన్నమ్మ చుక్క నువ్వు జరిపావంటే, ఎంత భయపడితే జరిపావో అనుకున్నానమ్మా. నీకు అంత భయం పెట్టి నేను వెళ్ళలేను. అందుకని వచ్చి కూర్చున్నా."

బయట ట్రక్కు హారన్ ఒకసారి మోగింది. లినెట్ కూతురి గెడ్డం పట్టుకుని, పెదవి చివర ఉన్న నలుసు బొటనవేలితో తుడిచింది. తర్వాత లేచి కూజాని కిటికీలో పెట్టింది, కడ్డీ దిగి ఉన్నట్టే. కాసేపటికి ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి కిటికీ దాటి రేవుకి వెళ్ళాయి.

పడవలు మొగ దాటేటప్పుడు ఇళ్ళవాళ్ళు రాళ్ళకట్ట చివరికి వెళ్ళి నిలబడతారు. లినెట్ డెస్ పోయాక అటు వెళ్ళలేదు. ఆ రోజు కూడా వెళ్ళలేదు. కూజా కడగడానికి పెట్టుకుంది. జల్లెడ నిండా పొడి బంకమట్టిలా పట్టేసి ఉంది. పంపు కింద పెడితే నీళ్ళు జల్లెడ మీద నిలబడ్డాయి తప్ప ఒక్క చుక్క దిగలేదు. కూజాలో ఉట్టి నీళ్ళు పోసి, కడ్డీ పెట్టి, అరచెయ్యి ఆనించి చూసింది. కదల్లేదు. రెండు చేతులూ వేసి ఒంటి బరువంతా మోపింది. కదల్లేదు. ఆమె అలాగే కడ్డీ మీద నుదురు ఆనించి, కుక్క వచ్చి కాళ్ళ దగ్గర పడుకునేదాకా నిలబడి ఉంది.

సాయంత్రం పోటుకి పడవలన్నీ వచ్చాయి. బ్రయర్ చేపవాసనతో, గాలాల తీగ కోసిన వేళ్ళతో, మాట్లాడలేనంత అలసిపోయి వచ్చింది. లినెట్ గుడ్డుసొనలో సన్నచేపలు కలిపి అట్లు పోసింది. బ్రయర్ నిలబడే తినేసింది. తిన్నాక తిరగలి దగ్గరికి వెళ్ళి, ఇనుప చుట్టుని గుడ్డ లేకుండా ఒట్టి చేత్తో తిప్పింది. ఎర్రచుక్క వెనక నుంచి వచ్చి, తన చోట్లో నిలబడింది.

"రేపు పొడి నేను చేస్తా," అంది. "నువ్వు చూస్తూ ఉండు, తప్పైతే చెప్పు."

మర్నాడు తెల్లారేసరికి మబ్బు పూర్తిగా విడిపోయింది. ఎండాకాలంలోనూ కరగని కొండల మీది మంచు కూడా కనపడింది. సముద్రం పళ్ళెంలో పాలు పోసినట్టు ఉంది. అలాంటి పొద్దు ఆ తీరాన ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. రేడియో కూడా మంచి మాటే చెప్పింది. బ్రయర్ బూట్లు వేసుకుని, కోటు తగిలించుకుని, పపువా గింజలు పళ్ళెంలో పోసి విరిగినవి ఏరింది. గరుకుగా విసిరింది. వడపోతలో కుదిపి దుమ్ము పారబోసింది. జల్లెడని పంపు కింద పెట్టి, నీళ్ళు ధారగా దిగేదాకా రుద్ది కడిగింది. నీళ్ళ గొణుగుడు ఆగేదాకా చెవిపెట్టి వింది. లినెట్ తప్పు చెప్పాల్సిన అవసరం ఎక్కడా రాలేదు.

నాలుగు నిమిషాలయ్యాక బ్రయర్ మూత పెట్టి, కడ్డీ మీద అరచెయ్యి ఆనించింది.

కడ్డీ దిగలేదు.

ఆమె ఆగింది. చెయ్యి తీసి, కోటుకి తుడుచుకుని, మళ్ళీ ఆనించింది. దిగలేదు. బయట నెవిల్ ట్రక్కు వచ్చి ఆగిన చప్పుడైంది. నిన్న వాళ్ళు ట్యూనా గుంపుని సగంలో వదిలిపెట్టి వచ్చారు. గుంపు ఇంకా అక్కడే ఉంటుంది, రాత్రి అట్లు తింటూ బ్రయర్ చెప్పిన ఒకే ఒక్క మాట అది.

లినెట్ పంపు కింది తొట్టి దగ్గర నిలబడి ఉంది. ఆమె కిటికీలోంచి సముద్రాన్ని చూడలేదు. ఆ చేతిని చూసింది. వెడల్పాటి చెయ్యి, పలక లాంటిది, కడ్డీ తల మొత్తాన్ని కప్పేసిన చెయ్యి. బ్రయర్ రెండో చెయ్యి ఒళ్ళోంచి లేచింది. బల్ల అంచు దాటింది.

ఆ చెయ్యి కూజా పిడి పట్టుకుంది. బ్రయర్ లేచి, కాఫీ తొణక్కుండా కూజాని తీసుకెళ్ళి, కడ్డీ నిక్కి ఉన్నట్టే కిటికీలో పెట్టింది. వచ్చి కుర్చీలో కూర్చుని, వంగి, బూట్లు విప్పుకుంది. ఒకటి, తర్వాత రెండోది.

ట్రక్కులు కిటికీ ముందు నెమ్మదించి, ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగాయి. ఆ మధ్యాహ్నం మొగ దగ్గర ఏం జరిగిందో ఎవరికీ తెలీదు, అక్కడ ఎవరూ లేరు గనక.

కడ్డీ దిగని పొద్దుల్లో కాఫీ మళ్ళీ పెట్టుకుని, టీ వడపోతలో వంచుకుని తాగడం ఆ ఇంటి అలవాటు. లినెట్ కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టింది. గుమ్మం దగ్గర నెవిల్ కూడా బూట్లు విప్పుతున్నాడు. ఆమె మూడు కప్పులు తీసి, కూతురి ముందు పెట్టింది.